అంబులెన్స్ ఎక్కించే ముందు బండినీ, వెనకాల కూర్చునే మనిషినీ ఎలా చూసుకోవాలి

మూడేళ్ళ కిందట శ్రావణమాసంలో ఒక రాత్రి మా మావయ్యకి గుండెల్లో నొప్పి వచ్చింది. ఇల్లు గోదావరి మధ్య లంకలో. నవారు మంచం మీదే రేవు దాకా మోసుకొచ్చి, పడవలో ఇవతలి గట్టుకి దాటించి, దగ్గర్లో ఉన్న టౌన్ ఆసుపత్రికి తీసుకెళ్తే వాళ్ళు ఈసీజీ తీసి "ఇక్కడ కుదరదు, రాజమండ్రి తీసుకెళ్ళిపోండి" అన్నారు. గేటు బయట బండి రెడీగా ఉంది. తెల్ల బండి, పైన లైటు, సైరన్, వెనకాల తెల్లకోటు వేసుకున్న కుర్రాడు. ఇంకేం చూస్తాం, ఎక్కించేశాం.

రావులపాలెం బ్రిడ్జి మీదకి వచ్చేసరికి మావయ్య పెదాలు నల్లబడుతున్నాయి. మాస్క్ ముఖానికే ఉంది. "బాబూ, ఆక్సిజన్ వస్తోందా?" అని అడిగితే "వస్తోందండి" అన్నాడు. నేను మాస్క్ కాస్త పైకి లేపి నా చెంపకి ఆనించుకుని చూశాను, చల్లగాలి అన్నదే లేదు. సిలిండర్ మీది ముల్లు సున్నా దగ్గర పడి ఉంది. కుర్రాడి చేతులు వణుకుతున్నాయి, "నేను చేరి నాలుగు రోజులేనండి, సెలైన్ సీసా పట్టుకోవడమే చెప్పారు" అన్నాడు. జొన్నాడ దాటాక కనబడ్డ మొదటి ఆసుపత్రిలోకి బండి తిప్పించాం. మావయ్య బతికారు. ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు, ఏమీ నేర్పకుండా కోటు తొడిగి వాణ్ణి రోగి పక్కన కూర్చోబెట్టిన వాళ్ళ మీదే ఇప్పటికీ ఉంది.

ఆ తర్వాత నేను అడిగి, చదివి, ఆఫీసుల చుట్టూ తిరిగి తెలుసుకున్నదంతా ఇక్కడ వరసగా రాస్తున్నాను. గోదావరి జిల్లాల్లో, ముఖ్యంగా కోనసీమలో, లంకల్లో, సముద్రం వైపు ఊళ్ళలో ఉండేవాళ్ళని మనసులో పెట్టుకుని రాశాను.

ముందు ఇది తెలుసుకోండి: అన్నీ ఒకే రకం బండ్లు కావు

తెల్లరంగు వేసి సైరన్ పెడితే మనం అంబులెన్స్ అనేస్తాం. ప్రభుత్వ లెక్కలో అవి నాలుగు రకాలు. ఏఐఎస్ 125 అని వాహన ప్రమాణం ఒకటి ఉంది, 2018 ఏప్రిల్ నుంచి కొత్తగా తయారయ్యే అంబులెన్సులు దాని ప్రకారమే ఉండాలి. ఎ రకం అంటే ముందుగా చేరుకుని ప్రథమ చికిత్స చేసే బండి, బైక్ అంబులెన్స్ లాంటివి. బి రకం రోగిని ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేర్చడానికి మాత్రమే, అంటే డయాలసిస్‌కి వెళ్ళేవాళ్ళకి, కాలు విరిగి కట్టు కట్టించుకుని ఇంటికొచ్చేవాళ్ళకి. సి రకం బేసిక్ లైఫ్ సపోర్ట్, డి రకం అడ్వాన్స్‌డ్ లైఫ్ సపోర్ట్. వెంటిలేటర్, గుండెకి షాక్ ఇచ్చే డీఫిబ్రిలేటర్, మానిటర్ లాంటివి డి రకంలో ఉంటాయి.

మా మావయ్యని ఎక్కించింది బి రకం బండి. గుండెపోటు వచ్చిన మనిషిని అందులో అరవై కిలోమీటర్లు తీసుకెళ్ళకూడదు. ఆ మాట మాకెవరూ చెప్పలేదు, అడగాలని మాకూ తెలియలేదు. అందుకని మీరు నేర్చుకోవాల్సిన మొదటి ప్రశ్న ఇది: "ఇది బేసిక్ బండా, అడ్వాన్స్‌డ్ బండా, లేక ఊరికే ట్రాన్స్‌పోర్ట్ బండా?" ఈ ముక్క డ్రైవర్‌నే కాకుండా రిఫర్ చేస్తున్న డాక్టర్‌ని కూడా అడగండి, "ఈ పేషెంట్‌కి ఏ బండి కావాలండి, చీటీ మీద రాసివ్వండి" అని.

ఏమీ లేని రోజున ఇంట్లో చేసి పెట్టుకోవాల్సిన పని

ఒక తెల్ల కాగితం తీసుకోండి. దాని మీద మీ జిల్లా, మండలం, ఊరు, వీధి, గుర్తు రాయండి. గుర్తు అంటే "రామాలయం పక్కన" అని కాదు, మన దగ్గర ఊరూరా రామాలయం ఉంటుంది. "మెయిన్ కాలవ లాకుల దగ్గర ఎడమ పక్క పుంతలోకి తిరిగి, వాటర్ ట్యాంకు దాటాక మూడో ఇల్లు" అన్నట్టు రాయాలి. పెద్ద బండి మీ ఇంటి దాకా వస్తుందో, ఏటిగట్టు మీదే ఆగిపోతుందో కూడా రాయండి. లంకలో ఉంటే ఏ రేవు దగ్గరికి బండి రావాలో, రాత్రిపూట పడవ నడిపే మనిషి ఫోన్ నంబరు, ఆయన ఊళ్ళో లేకపోతే రెండో మనిషి నంబరు. సఖినేటిపల్లి, నరసాపురం మధ్య పంటు (బండ్లని కూడా దాటించే పెద్ద పడవ) మీద, కోటిపల్లి, ముక్తేశ్వరం రేవులో దాటే అలవాటున్నవాళ్ళు రాత్రి ఎన్నింటి దాకా అవి తిరుగుతాయో, ఆ టైము దాటితే చుట్టూ తిరిగి ఏ బ్రిడ్జి మీంచి వెళ్ళాలో కూడా రాసుకోవాలి. ఈ కాగితాన్ని గోడకి అంటించండి. టెన్షన్‌లో ఉన్నప్పుడు మన ఇంటి అడ్రస్సే మన నోటికి రాదు, నేను అనుభవించాను.

ఇంట్లో గుండె జబ్బు, ఆస్తమా, షుగర్ ఉన్నవాళ్ళు వాడే మందుల పేర్లు కూడా అదే కాగితం కింద రాయండి. నిండు చూలాలు ఉంటే డెలివరీ తేదీ రాయండి.

108కి ఫోన్ చేసేటప్పుడు

108 సర్వీసు మన దగ్గరే, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, 2005 ఆగస్టు 15న మొదలైంది. 2020 జులై 1న 108, 104 రెండిటికీ కలిపి 1,088 బండ్లు ఒకేసారి రోడ్డెక్కించారు. ఇది పూర్తిగా ఉచితం. డీజిల్‌కని, ఆక్సిజన్‌కని, టీకని ఎవరు ఎంత అడిగినా ఇవ్వక్కర్లేదు.

ఫోన్ ఎత్తిన మనిషి వరసగా ప్రశ్నలు అడుగుతుంటే మనకి చిరాకు వస్తుంది, "ముందు బండి పంపండి బాబూ" అని అరుస్తాం. అరవకండి, ఆ ప్రశ్నలు బండిని ఆపడానికి కాదు, సరైన బండిని సరైన చోటికి పంపడానికి. కాగితం చూసి చదివేయండి. మనిషికి స్పృహ ఉందా, ఊపిరి ఆడుతోందా, రక్తం పోతోందా, ఈ మూడూ ముందు చెప్పండి. తర్వాత ఆ ఫోన్ బిజీ చేయకండి, బండి డ్రైవర్ దారి అడగడానికి ఆ నంబరుకే చేస్తాడు, అదే టైములో మన చుట్టాలందరికీ మనం ఫోన్లు చేస్తూ కూర్చుంటాం. ఇంట్లో ఇంకో ఫోన్‌తో చుట్టాలకి చెప్పండి. ఒక కుర్రాణ్ణి టార్చిలైటు ఇచ్చి రోడ్డు మీదకి పంపండి.

యానాం దగ్గర్లో ఉన్నవాళ్ళకి ఒక మాట. 216 హైవే మీద కాకినాడ నుంచి అమలాపురం వైపు వస్తే మధ్యలో యానాం తగులుతుంది, అది పుదుచ్చేరి ప్రాంతం. అక్కడ ఆరోగ్యశాఖ వేరు, రవాణాశాఖ వేరు, బండి నంబరు పీవై 04తో మొదలవుతుంది. మీరు ఆంధ్ర వైపు ఉన్నారో యానాంలో ఉన్నారో ఫోన్ ఎత్తగానే చెప్పండి. ఫిర్యాదు చేయాల్సి వచ్చినా పీవై 04 బండి మీద అమలాపురంలోనో కాకినాడలోనో ఇస్తే తిప్పి పంపుతారు, యానాంలో రీజినల్ అడ్మినిస్ట్రేటర్ ఆఫీసులో ఇవ్వాలి.

బండి వచ్చేలోపు చాలా ఇళ్ళలో ఆర్ఎంపీని పిలుస్తారు. మన ఊళ్ళలో అర్ధరాత్రి తలుపు తడితే వచ్చేది ఆయనే, కాబట్టి పిలవొద్దని నేను అనను. ఆయన ఇంజక్షన్ చేస్తే ఏది చేశారో, ఎన్నింటికి చేశారో ఆ కాగితం మీదే రాయించుకోండి, ఖాళీ సీసా జేబులో వేసుకోండి. సెలైన్ ఎక్కించి "ఓ గంట చూద్దాం" అంటే మాత్రం ఒప్పుకోవద్దు. వరి చేలో పాము కరిచినప్పుడు కూడా అంతే, కట్టు బిగించడాలు, కోయడాలు, పసరు వేయడాలు వద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి పాము విషానికి మందు ఉండే ఆసుపత్రికి తీసుకెళ్ళిపోవడమే.

వెనకాల కూర్చున్న మనిషి ఎవరు

అన్నిటికంటే ముఖ్యం ఇదే అని నా నమ్మకం. మనం బండి చూస్తాం, సైరన్ వింటాం, డ్రైవర్ స్పీడు చూస్తాం. రోగి బతికేది వెనకాల ఉన్న మనిషి చేతుల్లో.

108లో ముందు ఉండేవాణ్ణి పైలట్ అంటారు, వెనకాల ఉండే మనిషిని ఈఎంటీ అంటారు, అంటే ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్. ఆ మనిషి డాక్టర్ కాదు. బీపీ, పల్స్, షుగర్ చూడటం, ఆక్సిజన్ పెట్టడం, రక్తం ఆపడం, విరిగిన చోట బద్ద కట్టడం, గుండె ఆగితే ఛాతీ నొక్కడం, దారిలో కాన్పు అయితే బిడ్డని అందుకోవడం ఇవన్నీ ఆ మనిషికి నేర్పుతారు. మందుల సంగతి వస్తే కాల్ సెంటర్లో ఉండే డాక్టర్‌తో ఫోన్లో మాట్లాడి ఆయన చెప్పినట్టు చేస్తారు. కాబట్టి ఈఎంటీ ఫోన్లో మాట్లాడుతుంటే "పేషెంట్‌ని చూడకుండా ఫోనేంటి" అని గొడవ పెట్టకండి, అది వాళ్ళ పనిలో భాగమే. దారిలో వాళ్ళు రాసే కాగితాన్ని పేషెంట్ కేర్ రికార్డ్ అంటారు, ఎన్నింటికి బండి వచ్చింది, అప్పుడు బీపీ ఎంత, ఏం ఇచ్చారు, ఏ ఆసుపత్రిలో ఎవరికి అప్పజెప్పారు అన్నీ అందులో ఉంటాయి. దించాక దాన్ని ఒక ఫోటో తీసుకోనివ్వమని మర్యాదగా అడగండి.

చట్టం ఏమంటుందంటే, 2021లో పార్లమెంటు నేషనల్ కమిషన్ ఫర్ అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం చేసింది. అంతకుముందు డాక్టర్లకి కౌన్సిల్ ఉంది, నర్సులకి ఉంది, ఫార్మసిస్టులకి ఉంది, ఇలాంటి టెక్నీషియన్లకి దేశమంతటికీ కలిపి ఒక రిజిస్టరు అంటూ లేదు. ఈ చట్టం జాబితాలో ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజిస్టు, అంటే పారామెడిక్, పేరు పెట్టి మరీ ఉంది. టెక్నీషియన్ అనిపించుకోవాలంటే రెండు నుంచి నాలుగేళ్ళలో కనీసం 2,000 గంటల చదువు, శిక్షణ ఉండాలంది. ప్రతి రాష్ట్రంలోనూ ఒక కౌన్సిల్, ఒక రిజిస్టరు ఉండాలంది. మన రాష్ట్రంలో డిప్లొమా కోర్సుల సంగతి చూసేది ఆంధ్రప్రదేశ్ పారామెడికల్ బోర్డు, 2006 చట్టంతో వచ్చింది.

2,000 గంటలు ఎక్కడ, నాలుగు రోజులు ఎక్కడ?

అందుకని ప్రైవేటు బండి ఎక్కించే ముందు వెనకాల కూర్చునే మనిషిని ఇలా అడగండి: "ఏం చదివావమ్మా? ఎక్కడ చదివావు? ఐడీ కార్డు చూపిస్తావా?" ఇందులో అవమానం ఏమీ లేదు. నిజంగా చదువుకున్న మనిషి సంతోషంగా చెబుతాడు. ఎవరికీ ఏ చదువూ లేదని తెలిస్తే, రోగి పరిస్థితి బాగోకపోతే, ఆసుపత్రి వాళ్ళని ఒక స్టాఫ్ నర్సునో డ్యూటీ డాక్టర్‌నో తోడు పంపమని గట్టిగా అడగండి. మేము ఆ రాత్రి అది అడగలేదు.

ప్రైవేటు బండి: ఎక్కించే ముందు రెండు నిమిషాలు

108 బండి వేరే కేసులో ఉండొచ్చు, ఇంకాస్త ఆలస్యమవుతుందని చెప్పొచ్చు. అప్పుడు ఆసుపత్రి స్టాండులో ఉన్న బండే దిక్కు. ఒకరు రోగి దగ్గర ఉండండి, ఒకరు బండి దగ్గరికి వెళ్ళండి.

ఎంపరివాహన్ అనే ప్రభుత్వ రవాణా యాప్ ఫోన్లో ముందే పెట్టుకోండి. బండి నంబరు కొడితే అది ఏ తరగతి వాహనంగా రిజిస్టరయిందో, ఫిట్‌నెస్ ఎప్పటిదాకా ఉందో, ఇన్సూరెన్స్ ఉందో లేదో కనబడుతుంది. అంబులెన్స్‌కి పర్మిట్ అక్కర్లేదని మోటారు వాహనాల చట్టంలోనే ఉంది, కానీ ఫిట్‌నెస్ మాత్రం ఉండి తీరాలి. మామూలు ఈకో కారుగా రిజిస్టరయి ఉండి పైన సైరన్ పెట్టుకున్న బండి అయితే ఇంకో బండి చూసుకోండి.

తర్వాత ఆక్సిజన్. దీని దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే మాకు జరిగింది ఇక్కడే. ఆక్సిజన్ సిలిండర్ ఒళ్ళు నలుపు, మెడ తెలుపు ఉంటుంది. తాళం తిప్పించి చూడండి, గుండ్రటి మీటరులో ముల్లు పైకి లేవాలి. నిండు సిలిండర్ అయితే ఆ ముల్లు 150 దరిదాపుల్లో ఉంటుంది. సగంలో ఉంటే సగమే ఉన్నట్టు. పక్కన నీళ్ళున్న చిన్న సీసా ఉంటుంది, గాలి వదిలితే అందులో బుడగలు రావాలి. బుడగలు వస్తున్నా సరే మాస్క్ మీ చెంపకి ఆనించుకుని చూడండి, మధ్యలో గొట్టం ఊడి ఉండొచ్చు. ఇప్పుడు లెక్క: బండ్లలో ఎక్కువగా ఉండే బి సైజు సిలిండర్లో నిండుగా సుమారు 1,500 లీటర్లు ఉంటుంది. నిమిషానికి 10 లీటర్లు పెడితే 150 నిమిషాలు, అంటే రెండున్నర గంటలు. ముల్లు సగంలో ఉంటే గంటంపావు. అమలాపురం నుంచి రాజమండ్రికో కాకినాడకో ట్రాఫిక్ లేకపోతే గంటన్నర. సగం సిలిండర్‌తో బయలుదేరితే ఏ మూలనో ఆగిపోతుందని మీకే తెలుస్తుంది. విశాఖ తీసుకెళ్తుంటే రెండో సిలిండర్ లేకుండా కదలనివ్వద్దు.

స్ట్రెచర్‌కి బెల్టులు ఉన్నాయా, నోట్లో కఫమో వాంతో వస్తే లాగే సక్షన్ మిషను ఆన్ చేస్తే మోగుతోందా, వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటరు ఉందా, ఇవి కూడా ఓ చూపు చూడండి.

డబ్బు మాట ముందే మాట్లాడుకోండి. మొత్తం ఎంత, ఆక్సిజన్ కలిపా విడిగానా, తిరుగు ప్రయాణం కలిపా, తోడొచ్చే మనిషికి ఎంత, ఇవన్నీ అడిగి డ్రైవర్ చెప్పిన మొత్తాన్ని వాట్సాప్‌లో పెట్టించుకోండి. రోగిని అంబులెన్స్‌లో తీసుకెళ్ళడం మీద జీఎస్టీ లేదు, జాతీయ రహదారి టోల్‌గేటు దగ్గర అంబులెన్స్‌కి టోల్ లేదు. బిల్లులో ఈ రెండూ వేస్తే తీసేయమనండి. చేతికి నగదు ఇవ్వకుండా యూపీఐలో కొట్టండి, రేపు అడగాల్సి వస్తే అదే మీ దగ్గరుండే సాక్ష్యం.

కాన్పు అయ్యాక తల్లినీ బిడ్డనీ ప్రభుత్వ ఆసుపత్రి నుంచి ఇంటికి దించడానికి తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ ఉంది, మనిషి పోతే ఇంటికి చేర్చడానికి మహాప్రస్థానం బండ్లు ఉన్నాయి, రెండూ ఉచితం. దుఃఖంలో ఉన్న కుటుంబం దగ్గర బేరాలాడటం చూశాను, అందుకే ఇది రాస్తున్నాను. ముందు ఆసుపత్రి సూపరింటెండెంట్ ఆఫీసులో మహాప్రస్థానం అడగండి.

రోడ్డు ప్రమాదం అయితే

16 హైవే మీద రావులపాలెం, తణుకు, తాడేపల్లిగూడెం దగ్గర, 216 మీద రాజోలు, చించినాడ దగ్గర ఎవరైనా పడిపోయి ఉంటే ఆగండి. పోలీసులు మనల్నే పట్టుకుంటారని, కోర్టు చుట్టూ తిప్పుతారని భయంతో చాలామంది ఆగరు. 2016 మార్చి 30న సుప్రీంకోర్టు, ఆ తర్వాత 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 134ఎ సెక్షన్ ఆ భయం తీసేశాయి. సాయం చేసినవాళ్ళ మీద కేసు ఉండదు, పేరు చెప్పమని బలవంతం చేయకూడదు, ఆసుపత్రిలో డబ్బు కట్టమని ఆపకూడదు. మొదటి గంటలో ఆసుపత్రికి చేర్చి ప్రాణం నిలబెట్టినవాళ్ళకి కేంద్రం ఇచ్చే బహుమతి 2021లో 5,000 రూపాయలతో మొదలై ఇప్పుడు రాహ్‌వీర్ పేరుతో 25,000 అయింది.

దెబ్బ తగిలినవాళ్ళ ఇంటివాళ్ళు తెలుసుకోవాల్సింది ఇంకొకటి: 2025 మే 5 నుంచి కేంద్ర ప్రభుత్వ నగదు రహిత చికిత్స పథకం ఉంది. గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల దాకా, ఒక్కొక్కరికి లక్షన్నర రూపాయల వరకు. కౌంటర్ దగ్గర "డబ్బు కట్టండి" అంటే మొదట ఈ పథకం పేరు చెప్పండి.

అంబులెన్స్‌కి దారి ఇవ్వకపోతే 194ఇ సెక్షన్ కింద 10,000 రూపాయల జరిమానా గానీ ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. ఏటిగట్టు రోడ్ల మీద కొబ్బరికాయల లారీ అడ్డంగా ఆపి లోడు చేసేవాళ్ళకి ఇది దయచేసి చెప్పండి.

ఆసుపత్రి గేటు దగ్గర

ఎమర్జెన్సీలో వచ్చిన మనిషికి ప్రభుత్వ డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా ముందు ప్రాణం నిలబెట్టే చికిత్స చేయాల్సిందేనని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద కటారా కేసులో చెప్పింది. పోలీసు కేసు కాగితం వచ్చేదాకా ఆగక్కర్లేదు.

వేరే చోటికి పంపుతుంటే రిఫరల్ లెటర్ లేకుండా కదలొద్దు. అందులో వచ్చిన టైము, బీపీ, పల్స్, ఆక్సిజన్ శాతం, ఇచ్చిన మందులు, ఏ కారణంతో పంపుతున్నారు అన్నవి ఉండాలి. "మా ఇష్టప్రకారమే తీసుకెళ్తున్నాం" అన్న కాగితం మీద సంతకం పెట్టమంటే చదవకుండా పెట్టకండి, వాళ్ళే పంపుతుంటే మన ఇష్టం ఎలా అవుతుంది? ఆ మాట కొట్టేయించి పెట్టండి. పంపే చోట బెడ్ ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కోమని అడగండి. ఎన్టీఆర్ వైద్య సేవలో (ఇదివరకు ఆరోగ్యశ్రీ అనేవాళ్ళం) ఉన్న ఆసుపత్రి అయితే డెస్కు దగ్గర వైద్యమిత్ర ఉంటారు, రేషన్ కార్డు, ఆధార్ ఫోటోలు ఫోన్లో ఉంటే పని త్వరగా అవుతుంది.

వరద రోజులు

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. 2022 జులైలో 25 లక్షలు దాటింది. లంకల్లో ఉన్నవాళ్ళకి నేను చెప్పేది, మొదటి హెచ్చరిక వార్త వినగానే మూడో హెచ్చరిక వచ్చినట్టే లెక్క వేసుకోండి. కనకాయలంక కాజ్‌వే లాంటివి మునిగాక ఏ అంబులెన్సూ లోపలికి రాదు. డెలివరీ నెలలో ఉన్న అమ్మాయిని, డయాలసిస్ చేయించుకునేవాళ్ళని అప్పుడే గట్టు మీది చుట్టాల ఇంటికో, ఆసుపత్రికో చేర్చేయండి. ఆశా కార్యకర్త, ఏఎన్ఎం దగ్గర గర్భిణుల లిస్టు ఉంటుంది, మీ ఇంటి అమ్మాయి పేరు అందులో ఉందో లేదో జూన్ నెలలోనే చూసుకోండి. పడవలో రోగిని దాటించాల్సి వస్తే రోగికీ, పక్కన కూర్చునేవాళ్ళకీ లైఫ్ జాకెట్ వేయండి. మంచాన్ని పడవకి తాడుతో కట్టేయకండి, పడవ ఒరిగితే మనిషి విడిపడలేడు.

తప్పు జరిగితే ఎవరికి చెప్పాలి

ఇక్కడే చాలామంది అలసిపోయి వదిలేస్తారు. నేనూ మొదటి నెల తప్పు తలుపులే తట్టాను. విషయం ఏంటంటే బండిది ఒక శాఖ, మనిషిది ఒక శాఖ, ఆసుపత్రిది ఇంకోటి. ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాజ్యాంగంలో రాష్ట్ర జాబితాలో ఉన్నాయి కాబట్టి అడగాల్సింది ఎక్కువగా జిల్లాలోనే.

బండికి ఫిట్‌నెస్ లేదు, ఇన్సూరెన్స్ లేదు, మామూలు కారుని అంబులెన్స్‌గా తిప్పుతున్నారు అంటే రవాణాశాఖ జిల్లా ఆఫీసు. ప్రైవేటు ఆసుపత్రి పంపిన బండిలో సరైన మనిషి లేడు, ఆక్సిజన్ లేదు అంటే డీఎంహెచ్ఓ, అంటే జిల్లా వైద్య ఆరోగ్య అధికారి, ఎందుకంటే 2002 నాటి మన రాష్ట్ర చట్టం ప్రకారం ప్రైవేటు ఆసుపత్రులు రిజిస్టరయ్యేది జిల్లా స్థాయిలోనే. 108 సిబ్బంది మీద అయితే 108కే ఫోన్ చేసి ఫిర్యాదు అని చెప్పి, అదే కాగితం మీద డీఎంహెచ్ఓకి కూడా ఇవ్వండి. డాక్టర్ నిర్లక్ష్యం మీద రాష్ట్ర మెడికల్ కౌన్సిల్. డబ్బు అన్యాయంగా తీసుకుంటే జిల్లా వినియోగదారుల కమిషన్, రెండేళ్ళ లోపు వేయాలి, మీరు కట్టిన డబ్బు 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే దారి చెబుతారు. వీటన్నిటికీ తోడు సోమవారం కలెక్టరేట్‌లో గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి.

అర్జీ ఒక పేజీ దాటనివ్వకండి. తేదీ, టైము, బండి నంబరు, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏం లేదు, ఏం జరిగింది, మీకేం కావాలి. వెనకాల యూపీఐ రసీదు, రిఫరల్ లెటర్ కాపీ, కాల్ లిస్టు స్క్రీన్‌షాట్. ఆ కాల్ లిస్టు కొన్నాళ్ళకి ఫోన్లోంచి పోతుంది, అందుకని మర్నాడే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఆసుపత్రి రికార్డులు రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని డాక్టర్ల నియమావళిలో ఉంది. మీ మండలంలో ఏ రకం అంబులెన్సులు ఎన్ని ఉన్నాయో, వాటి సిబ్బంది అర్హతలేమిటో సమాచార హక్కు కింద అడగొచ్చు, జిల్లా ఆఫీసుకి ఫీజు 10 రూపాయలు, మండల ఆఫీసుకి 5, జవాబుకి 30 రోజులు.

మీ ఇంట్లో పిల్లలు ఈ కోర్సులో చేరతామంటే

చేర్పించండి, మన ప్రాంతానికి చాలా అవసరమైన పని. అయితే మూడు నెలల్లో సర్టిఫికెట్, వెంటనే ఉద్యోగం అని గోడల మీద అంటించే కాగితాలు చూసి డబ్బు కట్టకండి. ఆ కాలేజీకి పారామెడికల్ బోర్డు అనుమతి ఉందో లేదో, అనుమతి ఈ కోర్సుకేనా వేరే కోర్సుకా, మొత్తం గంటలెన్ని, అందులో ఆసుపత్రి క్యాజువాల్టీలో నిలబడి చేసే గంటలెన్ని, ఏ ఆసుపత్రితో ఒప్పందం ఉందో కాగితం చూపించమని అడగండి. వీలైతే ముందు సంవత్సరం చదివిన పిల్లల్ని కలిసి ఒకే ఒక్క ప్రశ్న వేయండి: చదువు అయ్యేలోపు నువ్వు నీ చేత్తో ఎంతమంది రోగులకి ఆక్సిజన్ పెట్టావు?